రాగికి ఉన్న రెండో పని: కార్బన్ డయాక్సైడ్‌ను మార్చే లోహ ఉత్ప్రేరకాల కథ

ఖరగ్‌పూర్‌లో సుభాష్‌పల్లి లాంటి పేటలు రైల్వే నీడలో పెరిగాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికి, లైను పనికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాల మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఈ పట్నంలో ఉన్నారు. పట్టాల పైన సాగే ఓవర్‌హెడ్ లైన్లో 25 వేల వోల్టుల విద్యుత్ ఉంటుంది. ఇంజన్ నెత్తిన ఉండే పాంటోగ్రాఫ్ రాసుకుంటూ పోయే తీగ గట్టి రాగి తీగ. రాగి అంటే మనకు కరెంటు మోసే లోహం, ఇంట్లో బిందె, చెంబు. దానికి ఇంకో పని కూడా ఉందని రసాయన శాస్త్రం నలభై ఏళ్ల కిందట గట్టిగా గుర్తించింది. తగిన ద్రావణంలో ముంచి, తగిన వోల్టేజీ ఇస్తే రాగి ముక్క కార్బన్ డయాక్సైడ్‌ను మీథేన్‌గా, ఇథిలీన్‌గా, ఇథనాల్‌గా మారుస్తుంది. ఒంటరి లోహాల్లో ఈ పనిని చెప్పుకోదగ్గ మోతాదులో చేసేది ఇదొక్కటే.

హౌరా నుంచి ఖరగ్‌పూర్ వచ్చే రైల్లో కూర్చుంటే దారిలో రూప్‌నారాయణ్ నది పక్కన కోలాఘాట్ థర్మల్ కేంద్రం గొట్టాలు కనిపిస్తాయి. ఆ గొట్టాల నుంచి వచ్చే గ్యాస్‌ను పట్టి, కరెంటుతో మళ్లీ ఇంధనంగానో ప్లాస్టిక్ ముడిసరుకుగానో మార్చవచ్చా? ‘గాలి నుంచి పెట్రోల్’ తరహా శీర్షికల వెనుక ఉన్న ప్రశ్న ఇదే. జవాబు సగం లోహం చేతిలో ఉంది. మిగతా సగం ఎక్కడుందో చివర్లో లెక్క వేస్తే తెలుస్తుంది.

కదలని అణువు

కార్బన్ డయాక్సైడ్‌ను గ్యాస్ రూపంలో ఉన్న బూడిద అనుకోవచ్చు. కాలడం పూర్తయ్యాక మిగిలేది అది. మధ్యలో కార్బన్, రెండు పక్కలా ఆక్సిజన్, మూడూ ఒకే గీత మీద బలంగా పట్టుకుని ఉంటాయి. దాన్ని కదిలించాలంటే ముందుగా ఒక ఎలక్ట్రాన్ ఎక్కించాలి. ఎలక్ట్రాన్ ఎక్కగానే నిటారుగా ఉన్న అణువు వంగుతుంది. ఆ వంగిన రూపం నీటిలో ఒంటరిగా ఏర్పడాలంటే ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి మైనస్ 1.9 వోల్టులు కావాలి. చిత్రమేమంటే, కార్బన్ డయాక్సైడ్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ దాకా మొత్తం ప్రయాణానికి, తటస్థ ద్రావణంలో, సిద్ధాంతపరంగా కావాల్సింది మైనస్ 0.53 వోల్టులే. మొదటి మెట్టు ఎత్తు, తర్వాతంతా దాదాపు సమతలం. లోహం పని ఆ వంగిన రూపాన్ని తన ఉపరితలం మీద పట్టుకుని ఆ మొదటి మెట్టును తగ్గించడం.

ప్రయోగం అమరిక పెద్ద చిక్కుదేమీ కాదు. రెండు ఎలక్ట్రోడ్లు, మధ్యలో ఒక పొర. ఒక వైపు నీరు విడిపోయి ఆక్సిజన్ వస్తుంది. రెండో వైపు, అంటే క్యాథోడ్ దగ్గర, కార్బన్ డయాక్సైడ్ ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. గొడవంతా అక్కడే. చుట్టూ ఉన్నది నీరు. అదే వోల్టేజీ దగ్గర నీరు కూడా ఎలక్ట్రాన్లు తీసుకుని హైడ్రోజన్ అవుతుంది, అదీ ఇంకా తేలిగ్గా. వంద ఎలక్ట్రాన్లు పంపితే వాటిలో ఎన్ని మనకు కావాల్సిన పదార్థంలోకి వెళ్లాయన్నదే ఈ రంగంలో మొదటి కొలత. దాన్ని ఫారడే సామర్థ్యం అంటారు.

హోరి వేసిన పట్టిక

జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో యోషియో హోరి బృందం 1985 నుంచి చేసిన పని ఈ రంగానికి పునాది. అంతకు ముందూ ప్రయోగాలు జరిగాయి కానీ, వచ్చిన గ్యాసులనూ ద్రవాలనూ మొత్తం లెక్కగట్టి, పంపిన ఎలక్ట్రాన్లతో సరిపోల్చినవి తక్కువ. హోరి ఒక్కో లోహాన్నీ ఒకే రకం ద్రావణంలో, చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీయాంపియర్ల దగ్గర పరీక్షించాడు. 1994లో ప్రచురించిన పట్టికను ఈ రంగంలో పనిచేసేవారు ఇప్పటికీ తిరగేస్తుంటారు.

అందులో లోహాలు కులాల్లా విడిపోయి కనిపిస్తాయి. సీసం, తగరం, ఇండియం, పాదరసం లాంటివి ఫార్మేట్ ఇస్తాయి. సీసం మీద ఫార్మేట్ 97 శాతం దాకా వచ్చింది. బంగారం, వెండి, జింకు కార్బన్ మోనాక్సైడ్ ఇస్తాయి. బంగారం మీద 87 శాతం, వెండి మీద 81 శాతం. ప్లాటినం, ఇనుము, నికెల్ కార్బన్ డయాక్సైడ్‌ను దాదాపు పట్టించుకోవు. ప్లాటినం మీద 95 శాతానికి పైగా హైడ్రోజనే వచ్చింది. ఇంధన కణాల్లో రాజులాంటి ప్లాటినం ఇక్కడ దేనికీ కొరగాదు. రాగి మీద మాత్రం మీథేన్ 33 శాతం, ఇథిలీన్ 25 శాతం, కొంచెం ఇథనాల్, కొంచెం ఫార్మేట్, 20 శాతం హైడ్రోజన్ వచ్చాయి. 2012లో స్టాన్‌ఫర్డ్‌లోని థామస్ హరమిల్లో బృందం మరింత సున్నితమైన పరికరాలతో వెతికితే రాగి మీద 16 రకాల పదార్థాలు తేలాయి. రాగి గొప్పతనమూ, దాని జబ్బూ అదే. అన్నీ చేస్తుంది, దేన్నీ ఎంచుకోదు.

ఈ తేడాకు కారణం కార్బన్ మోనాక్సైడ్‌ను ఏ లోహం ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది. కార్బన్ డయాక్సైడ్ ఒక ఆక్సిజన్‌ను వదిలాక ఉపరితలం మీద మిగిలేది అదే. బంగారం, వెండి దాన్ని వెంటనే వదిలేస్తాయి, అది గ్యాస్‌గా బయటికి పోతుంది. ప్లాటినం, నికెల్ పనసజిగురు పట్టుకున్నట్టు పట్టుకుంటాయి. ఉపరితలం అంతా దానితోనే నిండిపోయి ఇక ఏ పనీ సాగదు, మిగిలిన సందుల్లో హైడ్రోజన్ తయారవుతుంది. రాగి నడిమధ్యన ఉంది. తర్వాతి ఎలక్ట్రాన్లు వచ్చేదాకా ఆపగలిగేంత గట్టిగా, పక్కనున్న ఇంకో కార్బన్ మోనాక్సైడ్‌తో జతకట్టనిచ్చేంత వదులుగా పట్టుకుంటుంది. రెండు కార్బన్లు జతకడితేనే ఇథిలీన్, ఇథనాల్. తగరం, సీసాల దారి మొదటి నుంచీ వేరు. అక్కడ అణువు ఆక్సిజన్ల వైపు నుంచి లోహానికి తగులుతుంది, కార్బన్‌కు హైడ్రోజన్ అంటుకుని ఫార్మేట్ అయిపోతుంది.

ఒక్కో పదార్థానికి కావాల్సిన ఎలక్ట్రాన్లను కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్‌కూ ఫార్మేట్‌కూ రెండేసి, మిథనాల్‌కు ఆరు, మీథేన్‌కు ఎనిమిది, ఇథిలీన్‌కూ ఇథనాల్‌కూ పన్నెండేసి. ఈ అంకెలు చివర్లో కరెంటు బిల్లులో తేలతాయి.

డిజైన్ అంటే ఏం చేస్తారు

రాగి నడిమధ్యన ఉందంటే సరిగ్గా కోరుకున్న చోట ఉందని కాదు. 2010లో ఆండ్రూ పీటర్సన్, యెన్స్ నోర్స్‌కోవ్ తదితరులు కంప్యూటర్ లెక్కలతో చూపించిందేమిటంటే, రాగి మీద మీథేన్ దారిలో అసలు అడ్డంకి పట్టుకున్న కార్బన్ మోనాక్సైడ్‌కు మొదటి హైడ్రోజన్ అంటించే మెట్టు. కార్బన్ మోనాక్సైడ్‌ను కొంచెం వదులుగా, తర్వాతి రూపాన్ని కొంచెం గట్టిగా పట్టుకునే లోహం దొరికితే ఈ అడ్డంకి తగ్గుతుంది. కానీ రెండూ కార్బన్ ద్వారానే లోహానికి అంటుకుంటాయి. ఒకదాని పట్టు తగ్గిస్తే రెండోదీ తగ్గుతుంది. ఒక లోహానికి బదులు ఇంకో లోహం పెట్టినంత మాత్రాన ఈ ముడి విడదు. గత పదిహేనేళ్ల ఉత్ప్రేరక పరిశోధనలో పెద్ద భాగం ఈ ముడి విప్పే ప్రయత్నమే అనుకోవచ్చు.

మొదటి దారి ఉపరితలం ఆకారం. రాగి స్ఫటికాన్ని వేర్వేరు కోణాల్లో కోస్తే పరమాణువుల అమరిక మారుతుంది. చదరపు గడుల్లా పేర్చిన ముఖం ఇథిలీన్ వైపు, తేనెపట్టులా దగ్గరగా పేర్చిన ముఖం మీథేన్ వైపు మొగ్గుతాయని హోరి బృందమే చూపించింది. రాగిని ముందు ఆక్సైడ్‌గా మార్చి, మళ్లీ లోహంగా తేవడం ఇంకో ఉపాయం. 2012లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టినా లీ, మాథ్యూ కానన్ ఇలా చేసిన రాగి మామూలు రేకు కన్నా చాలా తక్కువ వోల్టేజీ దగ్గర పనిచేసింది. లోపల మిగిలిన గరుకుదనం, స్ఫటిక సరిహద్దులు కారణమా, ఇంకేమైనా మిగిలి ఉందా అన్న వాదన ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది.

రెండో దారి మిశ్రమ లోహం. వెండి దగ్గర తయారైన కార్బన్ మోనాక్సైడ్ పక్కనే ఉన్న రాగి మీదికి జారి అక్కడ ఇథిలీన్ లేదా ఇథనాల్ అయ్యేలా చేయడం ఒక పద్ధతి. ఇక 2020లో టొరంటో విశ్వవిద్యాలయం, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన పనిలో కంప్యూటరే అభ్యర్థులను వడపోసింది. రాగి కలిసిన 244 మిశ్రమ స్ఫటికాల ఉపరితలాలను మెషీన్ లెర్నింగ్‌తో జల్లెడ పడితే రాగి, అల్యూమినియం జంట ముందుకొచ్చింది. తయారుచేసి చూస్తే చదరపు సెంటీమీటరుకు 400 మిల్లీయాంపియర్ల దగ్గర ఇథిలీన్ ఫారడే సామర్థ్యం 80 శాతం పలికింది. అల్యూమినియం పాత్రల్లాంటి చవక లోహం పేరు అప్పటిదాకా ఈ జాబితాల్లో పెద్దగా వినిపించలేదు.

మూడో దారి లోహాన్ని ఒంటరి పరమాణువులుగా విడదీయడం. హోరి పట్టికలో నికెల్ పనికిరానిది. దాన్ని ఒక్కో పరమాణువుగా విడదీసి, నైట్రోజన్ కలిసిన కార్బన్ పొరలో బిగిస్తే అదే నికెల్ కార్బన్ మోనాక్సైడ్‌ను 90 శాతానికి పైగా ఇస్తుంది. అక్కడ చుట్టూ ఇంకో నికెల్ ఉండదు, జిగురుగా పట్టుకునే గుంపు లేదు. లోహం గుణం దాని పేరులో కాక ఇరుగుపొరుగులో ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఇరుగుపొరుగు అంటే ద్రావణం కూడా. 2021లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో మార్క్ కోపర్ బృందం ద్రావణం నుంచి పొటాషియం, సీజియం లాంటి లోహ అయాన్లను తీసేసి చూసింది. బంగారం, వెండి, రాగి మూడింటి మీదా కార్బన్ డయాక్సైడ్ మారడం ఆగిపోయింది. వంగిన అణువును పక్క నుంచి ఆ అయాన్లు ఆదుకుంటున్నాయన్నమాట. ‘ఉత్ప్రేరకం’ అని మనం పిలిచేది ఒంటరి లోహం కాదు, దాని చుట్టూ ఉన్న కొన్ని నానోమీటర్ల ఉప్పునీరు కూడా.

ఖరగ్‌పూర్‌లో 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీలోనూ ఈ ఇరుగుపొరుగు శాస్త్రానికి దగ్గరి పని సాగుతోంది. రసాయన శాఖలో సి. రెట్నా రాజ్ బృందం ఆక్సిజన్‌ను మార్చే ఎలక్ట్రోడ్లపై ఏళ్లుగా పనిచేస్తోంది. వాటికీ కార్బన్ డయాక్సైడ్ ఎలక్ట్రోడ్లకూ చర్యలు వేరైనా ఉపకరణాలు, లెక్కలు, తలనొప్పులు చాలావరకు ఒకటే.

శాతాలు చూసి మోసపోకుండా

ప్రయోగశాలల నుంచి వచ్చే ప్రకటనల్లో సాధారణంగా ఒక శాతం మాత్రమే ఉంటుంది. అది చాలదు. ఎంత కరెంటు దగ్గర? ఎంత వోల్టేజీ దగ్గర? ఎన్ని గంటలు? నీటిలో కార్బన్ డయాక్సైడ్ లీటరుకు సుమారు గ్రామున్నర మాత్రమే కరుగుతుంది. అందుకే లోహాన్ని ద్రావణంలో ముంచే పాత పద్ధతిలో కరెంటు పదుల మిల్లీయాంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. పరిశ్రమకు వందల్లో కావాలి. అందుకని ఇప్పుడు ఉత్ప్రేరకాన్ని గ్యాస్ ఆడే సన్నని పొర మీద పూసి, ఒక వైపు నుంచి గ్యాస్, మరో వైపు నుంచి ద్రావణం పంపుతారు. 2018లో టొరంటోలో ఎడ్వర్డ్ సార్జెంట్ బృందం ఇలాంటి అమరికతో 70 శాతం ఇథిలీన్‌ను 150 గంటలు నిలబెట్టింది. అప్పటికి అది పెద్ద వార్త. ఫ్యాక్టరీ లెక్కలో 150 గంటలంటే వారం కూడా నిండదు.

ఆ ప్రయోగంలో వాడిన గాఢ క్షార ద్రావణానికి ఒక చాటు ఖర్చు ఉంది. క్షారం కార్బన్ డయాక్సైడ్‌ను చూస్తే వదలదు, కార్బనేట్‌గా మింగేస్తుంది. తటస్థ ద్రావణం వాడినా ఎలక్ట్రోడ్ దగ్గర చర్య వల్లే క్షారం పుడుతుంది. ఆ కార్బనేట్ పొర దాటి అవతలికి పోతుంది. ఫలితంగా ఇథిలీన్ చేస్తున్నప్పుడు లోపలికి పంపిన కార్బన్‌లో ఇథిలీన్‌గా మారగలిగేది గరిష్ఠంగా నాలుగో వంతే. ఆమ్ల ద్రావణాల్లో పనిచేసే ఉత్ప్రేరకాల కోసం ఇప్పుడు సాగుతున్న వేటకు కారణం ఇదే. ఆమ్లంలో హైడ్రోజన్ పోటీ మరీ ఎక్కువ, అది వేరే కథ.

మలినాల సంగతి కూడా ఉంది. ద్రావణంలో లేశమాత్రంగా ఉన్న ఇనుమో జింకో రాగి మీద పేరుకుని కొన్ని నిమిషాల్లో దాని గుణం మార్చేయగలదు. అవతలి ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం వాడితే అది కొద్దికొద్దిగా కరిగి రాగి మీదికి చేరి హైడ్రోజన్ పెంచుతుంది. మరో చిక్కు, వచ్చిన ఇథనాల్ కార్బన్ డయాక్సైడ్ నుంచే వచ్చిందా, ఎలక్ట్రోడ్‌లోని కార్బన్ నుంచో శుభ్రం చేయడానికి వాడిన ద్రవం నుంచో వచ్చిందా అన్నది. దీనికి నిక్కమైన పరీక్ష, బరువైన కార్బన్-13తో చేసిన గ్యాస్‌ను పంపి, అదే కార్బన్ బయటికి వస్తోందా అని చూడటం. కొత్త ఉత్ప్రేరకం అంటూ వచ్చిన వార్తలో ఈ పరీక్ష ఊసు లేకపోతే కొంచెం ఆగి చదవడం మంచిది.

పరిశ్రమ వైపు అడుగులు మొదట పడింది కార్బన్ మోనాక్సైడ్‌తోనే. రెండు ఎలక్ట్రాన్ల పని, వెండి నమ్మకంగా చేస్తుంది. జర్మనీలో సీమెన్స్, ఎవోనిక్ కంపెనీలు రెటికస్ ప్రాజెక్టు కింద మార్ల్ పట్టణంలో ఇలా తీసిన కార్బన్ మోనాక్సైడ్‌ను బ్యాక్టీరియాకు మేతగా వేసి బ్యుటనాల్, హెక్సనాల్ చేయించాయి. స్టాన్‌ఫర్డ్‌లో 16 పదార్థాలు లెక్కపెట్టిన కేంద్ర కూల్ తర్వాత సహచరులతో కలిసి స్థాపించిన ట్వెల్వ్ కంపెనీ అమెరికాలో విమాన ఇంధనం దారి పట్టింది. అన్నింటికన్నా దూరం వెళ్లింది నాసా. పర్సివరెన్స్ రోవర్‌లోని మాక్సీ పెట్టె అంగారకుడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను విద్యుత్‌తో విడగొట్టి 2021 నుంచి 2023 మధ్య 16 విడతల్లో మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్ తీసింది. అక్కడ కావాల్సింది ఆక్సిజన్. కార్బన్ మోనాక్సైడ్ పారబోసే సరుకు.

కరెంటు లెక్క

ఇప్పుడు ఆ ఎలక్ట్రాన్ల అంకెలు బయటికి తీద్దాం. ఒక టన్ను ఇథిలీన్ తయారుచేయడానికి సుమారు 3.1 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. అణువుకు పన్నెండు ఎలక్ట్రాన్లు. సెల్ 3 వోల్టుల దగ్గర నడుస్తోందనీ, ఒక్క ఎలక్ట్రాన్ కూడా వృథా పోలేదనీ అనుకుందాం. రెండూ ఇప్పటి పరిస్థితికి ఉదారమైన ఊహలే. అయినా టన్నుకు 34 వేల యూనిట్లకు పైగా కరెంటు అవుతుంది. మన దేశ గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. అంటే 3 టన్నుల గ్యాస్‌ను ‘వాడుకోవడానికి’ దాదాపు 24 టన్నులు గాలిలోకి వదలాలి. కోలాఘాట్ గొట్టం పక్కనే ఈ యంత్రం పెట్టి, అదే కేంద్రం కరెంటుతో నడిపితే జరిగేది ఇదే, ఇంకా ఎక్కువే. పట్టుకోవడానికీ శుభ్రం చేయడానికీ అయ్యే శక్తి ఈ లెక్కలో లేదు.

కార్బన్ మోనాక్సైడ్ లెక్క కొంచెం నయం. టన్నుకు సుమారు 5,700 యూనిట్లు, మింగేది 1.57 టన్నులు, వదిలేది 4 టన్నులు. తిరగేసి చూస్తే, ఇథిలీన్ దారి సరిసమానం కావడానికే యూనిట్‌కు 90 గ్రాముల కన్నా తక్కువ వెలువడే కరెంటు కావాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు 270 గ్రాములు చాలు. బొగ్గు గ్రిడ్ మీద ఎంత గొప్ప ఉత్ప్రేరకమైనా ఈ తేడాను పూడ్చలేదు. వోల్టేజీని 3 నుంచి సిద్ధాంతపరమైన కనీసానికి, అంటే ఒక వోల్టు పైచిలుకుకు, దించినా ఇథిలీన్‌కు చాలదు.

అందువల్ల ఈ యంత్రాలు సౌర, పవన విద్యుత్ ఉన్న చోటే అర్థవంతం. అక్కడ ఉత్ప్రేరకానికి కొత్త పరీక్ష ఎదురవుతుంది. సూర్యుడు పోగానే కరెంటు ఆగుతుంది. వోల్టేజీ ఉన్నంతసేపు లోహంగా ఉన్న రాగి, అది ఆగగానే ఆక్సీకరణ చెంది కొంత కరుగుతుంది. మర్నాడు మళ్లీ వోల్టేజీ ఇచ్చినప్పుడు వేరే ఆకారంలో పేరుకుంటుంది. నిన్న జాగ్రత్తగా తీర్చిదిద్దిన చదరపు ముఖం ఇవాళ ఉండకపోవచ్చు. వ్యాసాల్లో కనిపించే స్థిరత్వ పరీక్షలు ఎక్కువగా కరెంటు ఆపకుండా చేసినవి. రోజూ ఆగి మొదలయ్యే రాగి మీద పని ఇంకా తక్కువే.

మన దేశంలో ప్రస్తుతం ముందున్నది వేరే దారి. నీటి నుంచి హైడ్రోజన్ తీసి, దాన్ని వేడి, పీడనాల కింద కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మిథనాల్ చేయడం. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ కేంద్రంలో ఎన్‌టీపీసీ పట్టిన దారి అదే. అక్కడా రాగే ఉత్ప్రేరకం కుటుంబంలో పెద్ద. రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినా మిశ్రమం మిథనాల్ పరిశ్రమకు దశాబ్దాల పాత నేస్తం. 2022లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఐఐటీ బొంబాయిలోనూ బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలోనూ కార్బన్ పట్టివేత, వినియోగాలపై రెండు జాతీయ కేంద్రాలు పెట్టింది. ఖరగ్‌పూర్ తెలుగువారి పాత ఊళ్ల వైపు, అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ అనుబంధ సంస్థ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. దగ్గర్లోనే పరవాడలో 2 వేల మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది. ఒక పక్క హరిత విద్యుత్, ఇంకో పక్క గొట్టం గ్యాస్. కాగితం మీద చూస్తే రెండు దారులకూ అనువైన చోటు.

అక్కడ ముందు తేలాల్సింది గంధకం సంగతి. బొగ్గు పొగలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 12 నుంచి 15 శాతం. మిగతా దాంట్లో ఎక్కువ నైట్రోజన్, కొంత ఆక్సిజన్, వాటితోపాటు సల్ఫర్ డయాక్సైడ్. ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా ముందే ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది. సల్ఫర్ డయాక్సైడ్ ఇంకా మొండిది. లేశమాత్రంగా ఉన్నా రాగి ఉపరితలాన్ని సల్ఫైడ్‌గా మార్చి, ఇథిలీన్ ఇవ్వాల్సిన లోహాన్ని ఫార్మేట్ వైపు తిప్పేస్తుందని 2019లో అమెరికాలో జరిగిన ప్రయోగాలు చూపాయి. గ్యాస్ శుభ్రపరిచాక కూడా రాగి కోలుకోలేదు. థర్మల్ కేంద్రాల పొగ నుంచి గంధకం తీసే యంత్రాలు తప్పనిసరి అన్న 2015 నాటి నిబంధన నుంచి 2025 జులైలో కేంద్ర పర్యావరణ శాఖ దేశంలోని అధిక భాగం బొగ్గు కేంద్రాలకు మినహాయింపు ఇచ్చింది. ఆ కేంద్రాల గొట్టాలకు రాగి ఎలక్ట్రోడ్లు తగిలించాలనుకునేవారు గంధకం తీసే ఖర్చును కూడా తమ లెక్కలోనే వేసుకోవాలి.